గడ్డిని వదిలి ఆకును చంపే మందు

నిప్పు, నాగలి, చెయ్యి, పంపు: సుక్మా పొలాల్లో కలుపు చరిత్ర

జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారికి పక్కగా శబరి నది దక్షిణానికి దిగి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయిన సుక్మా అటు ఒడిశాకు, ఇటు ఆంధ్ర, తెలంగాణలకు సరిహద్దు. గోండీ, హల్బీ, దొర్లీ, తెలుగు ఒకే సంతలో వినిపించే చోటు. చింతపండు, ఇప్పపువ్వు, మిరప కూలీలు సాగే ఈ దారిన కలుపు మందు కూడా సాగుతోంది. వరిని వదిలి వెడల్పాకు మొక్కలను మాత్రమే చంపే ఈ మందు ఎక్కడ పుట్టింది? ఎవరి పొలం కోసం పుట్టింది? సుక్మా లాంటి చోట దాని స్థానమేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ముందు ఆ నేలలో కలుపుతో మనిషి ఎలా నెగ్గుకొచ్చాడో చూడాలి.

నిప్పుతో మొదలు

1927 నుంచి 1931 వరకు బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938లో వెలువరించిన తన పుస్తకంలో మారియా గోండుల సేద్యాన్ని వివరంగా నమోదు చేశాడు. కొండవాలు పోడును అక్కడ పెండ అంటారు, చదును నేల మీద చేసేదాన్ని దిప్ప అంటారు. చెట్లు నరికి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో సామలు, కొర్రలు, రాగులు చల్లుతారు. మంట బూడిదను ఎరువుగా ఇవ్వడంతో ఆగదు, పైమట్టిలోని కలుపు గింజలను కూడా కాల్చేస్తుంది. మొదటి ఏడాది పోడులో కలుపు తక్కువ. రెండో, మూడో ఏటికి అది తిరిగి లేస్తుంది, దిగుబడి పడిపోతుంది. అప్పుడు ఆ చెక్కను అడవికి వదిలేసి మరో చోటికి కదులుతారు. నేల సారంతో పాటు కలుపు కూడా ఆ కదలికను నిర్ణయించేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడవులను రిజర్వు చేసి పోడును కట్టడి చేయబోయినప్పుడు బస్తర్ భగ్గుమంది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు కారణాల్లో ఇదొకటి. ఆ తిరుగుబాటు నాయకుడు గుండాధుర్ పేరునే నేడు జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాలకు పెట్టుకున్నారు. పోడు కుంచించుకుపోయే కొద్దీ నేలను మార్చే వీలు తగ్గింది, ఉన్న నేలలోనే కలుపుతో తలపడక తప్పలేదు.

పెరిగిన వరిలో దుక్కి

పల్లపు మడుల్లో ఛత్తీస్‌గఢ్ రైతు కనిపెట్టిన ఉపాయం పేరు బియాసి. తొలకరికి పొడి నేలలో వరి విత్తనం వెదజల్లుతారు. వరీ, కలుపూ కలిసి మొలుస్తాయి. నెల రోజులకు మడిలో నీళ్లు నిలవగానే, పెరిగిన ఆ పైరులోనే తేలికపాటి కొయ్య నాగలితో దున్నుతారు. చూసేవాళ్లకు పంటను పాడుచేస్తున్నట్టే ఉంటుంది. కలుపు వేళ్లతో లేచి బురదలో కూరుకుపోతుంది. ఒత్తుగా ఉన్న వరి పలచబడుతుంది, కుదురుకున్నాక కొత్త వేళ్లు తొడిగి పిలకలు వేస్తుంది. లేచిపోయిన నారును ఖాళీల్లో సర్దడాన్ని చలాయి అంటారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఒడిశాలోనూ ఈ పద్ధతి ఉంది.

బియాసికి రెండు కావాలి: సమయానికి నిలిచే నీరు, ఇంట్లో ఎడ్ల జత. వాన మొహం చాటేస్తే నాగలి దిగదు, ఈలోపు కలుపు పైరును మింగేస్తుంది. ఎడ్లు లేని ఇల్లు పక్కవారి ఎడ్ల కోసం ఎదురుచూడాలి. కలుపు మందు వచ్చి నిలబడింది సరిగ్గా ఈ ఖాళీలోనే.

యుద్ధకాలపు ఆవిష్కరణ

మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోన్ ఉనికిని 1920లలో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద నిరూపించాడు. ఆ హార్మోన్‌ను పోలిన కృత్రిమ రసాయనాలను ఎక్కువ మోతాదులో చల్లితే ఏమవుతుందన్న ప్రశ్నకు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జవాబు దొరికింది. 1940లో ఇంగ్లండ్‌లోని జెలట్స్ హిల్ పరిశోధన కేంద్రంలో టెంపుల్‌మన్ అనే శాస్త్రవేత్త ఓట్స్ పొలంలో ఇలాంటి రసాయనాన్ని వాడి చూస్తే ఆవ జాతి కలుపు చచ్చింది, ఓట్స్ బతికాయి. 1941లో అమెరికాలో పోకోర్నీ అనే రసాయన శాస్త్రవేత్త అలాంటిదే అయిన 2,4-డి తయారీ విధానాన్ని ప్రచురించాడు. మనం చెప్పుకుంటున్న కలుపు మందు ఇదే.

ఆహార పంటను కాపాడే ఈ శాస్త్రాన్ని యుద్ధం వెంటనే రహస్యాల పెట్టెలో పెట్టింది. శత్రువు పంటలను నాశనం చేయడానికి పనికొస్తుందా అని అమెరికా సైన్యం తన జీవాయుధ పరిశోధన కేంద్రం క్యాంప్ డెట్రిక్‌లో వందలాది రసాయనాలను పరీక్షించింది. యుద్ధం ముగిశాక 2,4-డి గోధుమ, మొక్కజొన్న పొలాల్లోకి, పశువుల బీళ్లలోకి, ఇళ్ల ముందు పచ్చికలోకి, గోల్ఫ్ మైదానాల్లోకి చేరింది. సైనిక వాడకం మాత్రం పోలేదు. యుద్ధకాలంలో వియత్నాం అడవుల మీద అమెరికా కురిపించిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం 2,4-డి, మిగతా సగం 2,4,5-టి. తరతరాలను వెంటాడిన డయాక్సిన్ విషం ఆ రెండో రసాయనం తయారీలో కలిసిన కల్మషం. 2,4-డిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ‘కాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే వర్గంలో చేర్చింది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. వెడల్పాకు మొక్క ఈ కృత్రిమ హార్మోన్‌ను తన సొంతదిగా భావించి అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. కాండం మెలితిరుగుతుంది, ఆకులు ముడుచుకుంటాయి, ఆహారం మోసే నాళాలు పగిలి మొక్క చస్తుంది. వరి, గోధుమ, జొన్న వంటి గడ్డి జాతులు ఆ మందును లోపలికి అంతగా పాకనివ్వవు, పాకినదాన్ని విరిచేస్తాయి. అంటే ఈ మందుకు పంట ఏదో, కలుపు ఏదో తెలియదు. ఆకు జాతి మాత్రమే తెలుసు.

మన దేశంలోకి

భారతదేశంలో రసాయనంతో కలుపును చంపే తొలి ప్రయత్నం 1937లో పంజాబులో జరిగింది. అడవి కుసుమ మీద సోడియం ఆర్సెనైట్ అనే పాషాణాన్ని వాడారు. 1946లో 2,4-డి వచ్చింది. 1952లో భారత వ్యవసాయ పరిశోధన మండలి 11 రాష్ట్రాల్లో కలుపు సర్వే చేపట్టింది. 1978లో కలుపు నివారణపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం, 1989లో జబల్‌పూర్‌లో జాతీయ కలుపు పరిశోధన కేంద్రం ఏర్పడ్డాయి. అప్పటికి జబల్‌పూర్, బస్తర్ రెండూ మధ్యప్రదేశ్‌లోనే ఉన్నాయి.

తెలుగు రైతుకు ఈ మందు చిరపరిచితం. నాటిన 25-30 రోజులకు నీళ్లు తీసేసి, ఎకరాకు అరకిలో 2,4-డి సోడియం సాల్ట్‌ను 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టాలన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా చెబుతున్న సలహా. గుంటగలగర, అగ్నివేండ్రం లాంటివి దీనికి లొంగుతాయి. తర్వాతి తరంలో డ్యూపాంట్ శాస్త్రవేత్త జార్జ్ లెవిట్ కనుగొన్న సల్ఫోనిల్‌యూరియాలు వచ్చాయి. మెట్‌సల్ఫ్యూరాన్, క్లోరిమ్యూరాన్ కలిపిన మందు ఎకరాకు 8 గ్రాములు చాలు. అంత చిన్న మోతాదులో కొంచెం తేడా వచ్చినా ఫలితం తారుమారవుతుంది.

మిరప తోటల దారి

ఏటా మిరప కోతల కాలంలో బస్తర్ ప్రాంతపు ఆదివాసులు ఖమ్మం, భద్రాద్రి, ములుగు, గుంటూరు తోటలకు కూలికి వస్తారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ప్రాణభయంతో వేలాది కుటుంబాలు అడవి దాటి తెలుగు జిల్లాల్లో గుత్తికోయలుగా స్థిరపడ్డాయి. పంపు వీపున వేసుకుని మందు కొట్టే పని అక్కడ కూలి పనుల్లో ఒకటి. సొంత పొలంలో కలుపు మందు కొనే స్తోమత లేనివారు కూడా ఇతరుల పొలంలో ఆ మందును పీలుస్తారు. చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు, డబ్బా మీది రాత చదవడం రాదు. డబ్బా మీది రంగు త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అన్న ఆనవాలైనా వారికి ఎవరూ చెప్పడం లేదు. ఈ నిర్లక్ష్యం క్షమించరానిది.

కలుపా? కూరా?

సుక్మా మెట్ట చేలలో చిరుధాన్యాలతో పాటు కంది, ఉలవ, వెర్రినువ్వులు పండుతాయి. వరి కోతకు ముందే తడి ఆరని మడిలో పప్పుగింజలు చల్లే ఉతేరా పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో పాతది. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు మినుము చల్లినట్టే ఇదీ. ఈ కందీ, ఉలవా, మినుమూ అన్నీ వెడల్పాకు మొక్కలే. రాగితో కంది కలిపి వేసిన చేలో 2,4-డి కొడితే రాగి నిలబడుతుంది, కంది చస్తుంది. ఒక్క పంటే వేసే పొలాన్ని మనసులో పెట్టుకుని తయారైన మందు మిశ్రమ పంటకు శత్రువు.

పొలం గట్టు మీద ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు వ్యవసాయ శాస్త్రం పుస్తకంలో వెడల్పాకు కలుపు. గోధుమ చేల కలుపుగా పేరుపడ్డ పప్పుకూర ఉత్తరాదిన చలికాలపు ఇష్టమైన ఆకుకూర. మడి నీళ్లలో నాలుగు రేకుల ఆకుతో పరుచుకునే మొక్కను ఛత్తీస్‌గఢ్‌లో చున్‌చునియా భాజీ పేరుతో వండుకుంటారు. పశువులు ముట్టని తగిరిస చెట్టు లేతాకు అక్కడ చరోటా భాజీ, దాని గింజలు సంతలో డబ్బు. వానాకాలంలో, కొత్త ధాన్యం ఇంకా రాని నెలల్లో ఈ ఆకులే పేదింటి పళ్లెంలో కూర. కలుపు తీసే ఆడమనిషి ఒక చేత్తో పారేసేదాన్ని, ఇంకో చేత్తో ఒడిలో వేసుకునేదాన్ని వేరు చేస్తుంది. పంపుకు ఆ తెలివి లేదు.

మందు సమస్యను పూర్తిగా తీర్చనూ లేదు. వెడల్పాకు చచ్చిన చోట ఊద లాంటి గడ్డి జాతులు విజృంభిస్తాయి. 1957 నాటికే హవాయి చెరకు తోటల్లో వెన్నవెదురు జాతి మొక్క 2,4-డిని తట్టుకోవడం మొదలుపెట్టింది. వరిలోనే కలిసిపోయే అడవి వరి కర్గాను ఈ మందు తాకనే తాకదు. దానికి రాయ్‌పూర్ ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం చూపిన దారి వేరు: ఊదారంగు ఆకులున్న శ్యామల వరి వేస్తే, పచ్చగా కనిపించేదంతా కర్గా అని పోల్చి పీకేయవచ్చు. ఇక్కడ పనిచేసింది మనిషి కన్ను.

పక్క చేల సంగతి కూడా చూడాలి. 2,4-డి ఎస్టర్ రకం ఎండకు ఆవిరై గాలిలో కొట్టుకుపోతుంది. పత్తికి దాని వాసన తగిలినా ఆకులు సన్నగా, వేళ్లలా చీలిపోతాయి. వరికి మందు కొట్టిన ట్యాంకును సరిగా కడగకుండా పత్తికి వాడి నష్టపోవడం తెలుగు పల్లెల్లో కొత్త కాదు. 2020లో కేంద్రం నిషేధించాలని ముసాయిదాలో పెట్టిన 27 పురుగుమందుల జాబితాలో 2,4-డి ఉంది. చివరికి నిషేధం దాని మీద పడలేదు, నేటికీ అమ్ముడవుతోంది.

చేయాల్సింది

వర్షం తప్పిన ఏడాది, కూలి దొరకని పల్లపు వరి మడిలో, ఒక్క వరే ఉన్న చోట, సరైన మోతాదులో, సరైన రోజున వాడితే ఈ మందు ఒక కుటుంబం పంటను నిలబెట్టగలదు. దాన్ని కాదనడం రైతు కష్టం తెలియకపోవడమే. మిశ్రమ పంటల మెట్ట చేలలో, కూరాకు ఏరుకునే గట్ల మీద, ఊరుమ్మడి బీళ్లలో మాత్రం దానికి చోటు లేదు. అక్కడ కావలసింది వరుసల్లో విత్తే గొర్రు, గుంటక. రాయ్‌పూర్ విశ్వవిద్యాలయమే రూపొందించిన అంబిక లాంటి చేతి కలుపు యంత్రాలు, వానకు అందే అద్దె ఎడ్లు లేదా చిన్న టిల్లర్లు ఊరికి చేరాలి. సుక్మా కృషి విజ్ఞాన కేంద్రం, సరిహద్దు తెలుగు జిల్లాల వ్యవసాయ శాఖలు కలిసి గోండీలో, దొర్లీలో, తెలుగులో నోటిమాటగా ఈ జాగ్రత్తలు చెప్పాలి. మందు కొట్టే కూలీకి తొడుగులు, ముసుగు ఇవ్వడం పొలం యజమాని బాధ్యత కావాలి.

మందు డబ్బా తెరిచే ముందు ప్రతి రైతూ చేనంతా ఒకసారి నడిచి, ఏ ఆకు కలుపో, ఏది పప్పో, ఏది పొరుగింటి కూరో చూసుకోవాలి. ఆ నడకకు ఖర్చు లేదు, అది తప్పనిసరి.