వరిబీజం: పంచె చాటున దాచుకొన్న చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరిబీజాన్ని పంచె చాటున దాచుకొని బతికిన మగవారు ఎందరో. పెళ్లి సంబంధం తప్పిపోతుందనీ, మగతనం పోయిందంటారనీ వారి భయం. పాఠకులు ఆ అవయవ నిర్మాణాన్ని గమనిస్తే ఆ భయంలో ఎంత నిజమున్నదో తేలుతుంది.

గర్భస్థ శిశువులో వృషణాలు కడుపులోనే, మూత్రపిండాల చెంత ఏర్పడతాయి. అవి కిందికి దిగేటప్పుడు ఉదరపు పొరలో కొంత భాగం వెంట వచ్చి, రెండు పొరల తిత్తిగా వాటిని చుట్టుకొంటుంది. దోమకాటుతో చేరిన ఫైలేరియా పురుగులు అక్కడి శోషరస నాళాలలో కాపురం పెడితే ఆ తిత్తిలో నీరు నిలుస్తుంది. వాపు తిత్తిది, బీజకణాలను తయారుచేసే వృషణం దాని లోపల వేరుగా ఉంటుంది.

1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనుషుల రక్తంలో ఈ పురుగు పిల్లలను చూశారు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ దోమ పాత్రను కనిపెట్టారు. మందుకు మరో 70 ఏళ్లు పట్టింది. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో డైఇథైల్‌కార్బమజైన్‌ను వెలికితెచ్చిన పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పురుగు పిల్లలు రాత్రివేళే పై రక్తంలోకి వస్తాయి గనుక సిబ్బంది నిద్రలో ఉన్నవారిని లేపి వేలినుంచి రక్తం తీసేవారు. జనం విసుక్కొన్నారంటే తప్పు వారిది కాదు.

2004 నుంచి ఊరూరా పంచిన మాత్ర కూడా సుబ్బారావుగారిదే. అయితే అది రక్తంలోని పురుగు పిల్లలను చంపుతుందే గాని, నిలిచిన నీటిని తీయదు. సూదితో తీసినా మళ్లీ చేరుతుంది. తిత్తిని కోసి, తిరగవేసి కుట్టే శస్త్రచికిత్సే మార్గం. అందులో వృషణం పదిలంగా ఉంటుంది. దానినే తీసివేస్తారన్న అనుమానంతో ఎందరో ఆపరేషన్ బల్ల ఎక్కనేలేదు.