పాల ఆకు, పొలుసుల మచ్చ, మారిన పేర్లు

మదనపల్లె దగ్గరి హార్స్లీ హిల్స్ అంటే ఈ రోజు చల్లగాలి, అతిథి గృహాలు గుర్తుకొస్తాయి. ఆ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు తిండి తెచ్చిపెట్టగా బతికిన మల్లమ్మ అనే అవ్వ, చుట్టుపక్కల ఆదివాసులకు మందూమాకూ ఇచ్చి రోగాలు నయం చేసేదని, ఒకనాడు కనబడకుండా పోయిందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ 19వ శతాబ్దంలో కొండమీద బంగళా కట్టుకున్నాడు. వైద్యం చేసిన అవ్వ పేరు వెనక్కి పోయి, బంగళా కట్టిన దొర పేరు ముందుకొచ్చింది.

మన చర్మానికి వచ్చే ఒక జబ్బు చరిత్రలోనూ పేర్లు ఇలాగే మారాయి. ఆ జబ్బు సోరియాసిస్. పూతమందుల కథతో పాటు పేర్ల కథ కూడా తెలిస్తేనే మన పిల్లలకు మేలు జరుగుతుంది.

సోరియాసిస్‌లో మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద ఎర్రటి మచ్చలు లేచి, వాటిమీద వెండిరంగు పొలుసులు కడతాయి. శరీరంలోని రక్షణ వ్యవస్థ దారితప్పి, చర్మం మామూలుకన్నా ఎన్నోరెట్లు వేగంగా పుట్టుకురావడమే దీనికి మూలం. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. అయినా మన తండాల్లో, ఎరుకల కాలనీల్లో, యానాది గూడేల్లో ఇలాంటి మచ్చ కనిపిస్తే చాలామంది నోట వచ్చే మాట ‘పెద్ద రోగం’, అంటే కుష్టు. ఆ ఒక్క మాటతో పిల్ల బడి మానుతుంది, సంబంధం తప్పిపోతుంది, కూలికి పిలిచేవాళ్లు తగ్గుతారు.

ఈ పొరపాటు మన పల్లెల్లోనే పుట్టింది కాదు. లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ 1808 ప్రాంతంలో ఈ జబ్బు లక్షణాలను చక్కగా వర్ణించాడు. కానీ దాని ఒక రూపానికి ‘లెప్రా’ అనే పేరునే వాడాడు. 1841లో వియన్నాకు చెందిన ఫెర్డినాండ్ హెబ్రా ఆ పేరు తీసేసి, ఇది వేరు, కుష్టు వేరు అని తేల్చాడు. కానీ ఆ తేడా జనం దాకా రాలేదు. మన దేశంలో 1898 నాటి కుష్టురోగుల చట్టం, దిక్కులేని పేద రోగులను పట్టి ఆశ్రమాల్లో ఉంచే అధికారం ఇచ్చింది. ఆ చట్టం 2016లో రద్దయింది. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలు 2019లో పోయాయి. కుష్టు రోగిని వెలివేయడమే తప్పు. కుష్టు కాని రోగిని ఆ పేరుతో వెలివేయడం తప్పు మీద తప్పు.

ఇక చెట్టు కథకు వద్దాం. పుంగనూరు, కుప్పం వైపు చిట్టడవుల్లో పాల చెట్టు ఉంటుంది. పాలకొడిశ అని, అంకుడు అని కూడా అంటారు. ఆకు తుంచితే పాలు కారతాయి, కాయలు జంటగా వేలాడతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. సామర్లకోటలో ఉండి పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1790ల్లో ఈ చెట్టును పరిశీలించి, దీని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని రాశాడు. కంపెనీకి కావలసింది నీలిమందు వ్యాపారం. శాస్త్ర నామంలోని ‘టింక్టోరియా’ అంటే రంగులద్దేది అని అర్థం. ముందున్న ‘రైటియా’ అనే మాట విలియం రైట్ అనే స్కాట్లాండ్ వైద్యుడి పేరు. కొండకు జరిగిందే చెట్టుకూ జరిగింది.

దొరలు రంగు చూసిన ఆకులో మన వైపు వైద్యులు చర్మానికి మందు చూశారు. కుప్పం దాటితే తమిళనాడు. అక్కడి సిద్ధ వైద్యంలో ఈ ఆకును కొబ్బరినూనెలో వేసి కొన్ని రోజులు ఎండలో ఉంచుతారు. నూనె ముదురు ఊదారంగుకు తిరుగుతుంది. తమిళంలో వెట్పాలై తైలం అంటారు. సోరియాసిస్ పొలుసులకు, తలలో చుండుకు దాన్ని పూస్తారు. రంగు, మందు రెండూ ఒకే ఆకులో ఉండటం వింతేమీ కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఈ ఆకులో ఇండిరుబిన్ అనే పదార్థం ఉందని 2010లో పరిశోధకులు చూపించారు. నీలిమందులో కూడా ఉండే పదార్థమది. తైవాన్‌లో 2008లో అచ్చయిన ఒక పరిశీలనలో వేరే నీలి మొక్కల పొడితో చేసిన లేపనాన్ని 42 మంది సోరియాసిస్ రోగులకు 12 వారాలు పూశారు. 31 మందికి మచ్చలు పూర్తిగా గానీ, దాదాపుగా గానీ పోయాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తైవాన్ లేపనం, మన పాలాకు నూనె ఒకటి కావు. అక్కడి ఫలితాన్ని మన నూనె ఖాతాలో రాసుకోకూడదు. మన నూనెకూ అలాంటి పరీక్ష జరగాలని అడగడమే సరైన గర్వం.

అలా పరీక్షకు నిలబడి పైకొచ్చిన జానపద మందు ఒకటుంది. బ్రెజిల్ చెట్టు నుంచి తీసిన ఒక పొడిని పోర్చుగీసువాళ్లు గోవాకు తెచ్చారు. దాన్ని తామరకు పూసేవారు. గోవా పొడి అనే పేరొచ్చింది. 1870ల్లో లండన్‌లో బాల్మన్నో స్క్వైర్ అనే వైద్యుడు అది సోరియాసిస్‌ను తగ్గిస్తుందని గమనించాడు. 1916లో జర్మనీలో దానికి బదులుగా డిత్రనాల్ అనే మందు తయారైంది. 1925లో అమెరికా వైద్యుడు గోకర్‌మన్ బొగ్గు తారు పూసి, అతినీలలోహిత కాంతి చూపే పద్ధతి చెప్పాడు. 1952లో హైడ్రోకార్టిసోన్ లేపనం, అంటే స్టెరాయిడ్ పూత, చర్మవ్యాధులకు పనికొస్తుందని తేలింది.

మన మందు ఆ దారి ఎందుకు పట్టలేదు? 1882 మద్రాసు అటవీ చట్టం ఆకు కోసే చేతిని దొంగ చేతిగా చూసింది. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజ్యానికి వచ్చింది. ఆ జాబితాకెక్కిన ఎరుకలవాళ్లు ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పుకోవాలి. అడవికీ సంతకూ తిరిగితేనే మందు తెలిసిన మనిషికి బతుకు. ఆ తిరుగుడే నేరమైంది. చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ఈలోగా ఎందరు అవ్వల తెలివి వాళ్లతోనే మట్టిలో కలిసిందో లెక్క లేదు.

మిగిలినదాన్ని కొంత దాచినవాళ్లున్నారు. 1997లో వేదవతి, మృదుల, సుధాకర్ కలిసి చిత్తూరు జిల్లా గిరిజన వైద్యం మీద తిరుపతి నుంచి ఒక పుస్తకం తెచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. మన భాషల్లో, చెప్పిన పెద్దల పేర్లతో రాసే పని మనదే. 2006 అటవీ హక్కుల చట్టం, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఉందని రాసింది. రాసిపెట్టుకున్న జ్ఞానానికే ఆ హక్కు అడగడం సులువు.

ఇప్పుడు మన ముందున్న అపాయం వేరు. మందుల షాపులో నలభై, యాభై రూపాయలకు దొరికే స్టెరాయిడ్ ట్యూబు వారంలో మచ్చను మాయం చేస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. ఒక్కసారి ఆపితే జబ్బు రెట్టింపై తిరగబడవచ్చు. ఈ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎంత, ఎన్నాళ్లు, ఎక్కడ అన్నది డాక్టరు చెప్పాలి. పొలుసు మెత్తబడటానికి స్నానం కాగానే కొబ్బరినూనె గానీ, వాజలిన్ గానీ రాస్తే చాలావరకు ఉపశమనం ఉంటుంది. పొలుసు వదలడానికి సాలిసిలిక్ ఆమ్లం, ఇంకా తారు, విటమిన్ డి రకం పూతలు కూడా ఉన్నాయి. ఏదీ జబ్బును శాశ్వతంగా పోగొట్టదు. అదుపులో ఉంచుతుంది. పాలాకు నూనె వాడేవాళ్లు పగిలి నెత్తురు కారే చోట రాయకూడదు. కీళ్లు వాచినా, ఒళ్లంతా ఎర్రబడినా ఏ నూనెనూ నమ్ముకోకుండా ఆసుపత్రికి పోవాలి.

టీచర్లను మేము కోరేది ఒక్కటే. మచ్చ ఉన్న పిల్లను వెనక బెంచీకి పంపకండి. స్పర్శ తెలియని మచ్చ అయితే కుష్టు కావచ్చు, దానికి సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితం, నయమవుతుంది. పొలుసు రాలే మచ్చ అయితే సోరియాసిస్ కావచ్చు, అది ఎవరికీ అంటదు. ఏదన్నది డాక్టరు చూసి తేల్చాలి. మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కుప్పంలో వైద్య కళాశాల ఉంది, అక్కణ్ణుంచి రైలెక్కితే కాట్పాడిలో దిగి వేలూరు పోవచ్చు. ఏ జబ్బైనా ఆ పిల్ల పేరు ఆ పిల్లదే. జబ్బు పేరుతో ఆమెను పిలవనివ్వకండి.