షినింగ్

షినింగ్ పశ్చిమ చైనాలోని చింగ్‌హాయ్ రాష్ట్రానికి రాజధాని. టిబెట్ పీఠభూమి ఈశాన్యపు అంచున, పసుపు నదికి ఉపనది అయిన హువాంగ్‌షుయ్ లోయలో, సముద్రమట్టానికి సుమారు 2,270 మీటర్ల ఎత్తున ఈ నగరం ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య దాదాపు 24.7 లక్షలు. లాసాకు పోయే యాత్రికులు పలువురు దీనిని దారిలోని మజిలీగా మాత్రమే ఎంచుతారు. అయితే పలు జాతులు, మతాలు ఒకే లోయలో కలసి జీవించే తీరు తెలుసుకొనుటకు ఇది తగిన చోటు.

చరిత్ర

11వ శతాబ్దంలో చింగ్‌తాంగ్ అనే పేరుతో ఇది ఒక టిబెటన్ రాజ్యానికి రాజధానిగా ఉండేది. సోంగ్ వంశ పాలకులు దీనిని జయించి 1104లో షినింగ్ అని పేరు పెట్టారు. ఈ మాటకు "పడమటి శాంతి" అని అర్థం. టిబెటన్లు దీనిని జిలింగ్ అంటారు.

ప్రజలు

నగరంలో హాన్ చైనీయులు అధిక సంఖ్యాకులు. హుయ్, సలార్ జాతులవారు ముస్లిములు. టిబెటన్లు, మంగోలులు, తూ జాతివారు ప్రధానంగా టిబెటన్ బౌద్ధాన్ని అనుసరిస్తారు. హుయ్ ముస్లిములు నడిపే భోజనశాలలలో చేతితో సాగదీసి చేసే గోధుమ సేవికలు, గొర్రె మాంసం, గడ్డ పెరుగు లభిస్తాయి.

చూడదగిన ప్రదేశాలు

* డోంగ్‌గువాన్ మసీదు: మింగ్ వంశ కాలంలో స్థాపితమైనది. వాయవ్య చైనాలోని పెద్ద మసీదులలో ఒకటి. మసీదులకు చైనా రూపం కల్పించాలన్న ప్రభుత్వ విధానంలో భాగంగా 2021లో దీని గుమ్మటాలను తొలగించారు. కాబట్టి పాత చిత్రాలలోని రూపం నేడు కానరాదు.
* కుంబుం మఠం: నగరానికి నైరుతి దిశలో సుమారు 25 కి.మీ. దూరంలో కలదు. గెలుగ్ శాఖ స్థాపకుడైన త్సోంగ్‌ఖాపా (1357-1419) జన్మస్థలం. వెన్నతో మలచిన రంగురంగుల శిల్పాలకు ప్రసిద్ధి. స్తూపాలకు ప్రదక్షిణం కుడివైపుగా చేయడం ఇక్కడ కూడా ఆచారం.
* చింగ్‌హాయ్ సరస్సు: నగరానికి పడమట ఉన్న ఈ ఉప్పునీటి సరస్సు చైనాలోని సరస్సులన్నిటిలో పెద్దది. ఎత్తు సుమారు 3,200 మీటర్లు.

ప్రయాణం, వాతావరణం

షినింగ్ నుండి లాసాకు రైలుమార్గం పొడవు 1,956 కి.మీ. ఇందులో గోల్ముద్ వరకు గల భాగం 1984లోను, అక్కడి నుండి లాసా వరకు గల భాగం 2006లోను ప్రారంభమైనవి. ఈ మార్గం 5,072 మీటర్ల ఎత్తైన తంగ్గులా కనుమను దాటుతుంది. కావున షినింగ్‌లో రెండు మూడు రోజులు ఆగినచో పలుచని గాలికి శరీరం కొంత అలవాటు పడుతుంది. విదేశీయులు లాసాకు వెళ్ళుటకు చైనా వీసాతో పాటు ప్రత్యేక అనుమతి పత్రం పొందవలెను. షినింగ్ నగర సందర్శనకు ఆ పత్రం అవసరం లేదు.

జూలైలో సగటు ఉష్ణోగ్రత 17 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండగా, జనవరిలో సున్నాకు చాలా దిగువకు పడిపోతుంది. అందుచేత సందర్శనకు వేసవి మాసాలు అనుకూలం.