స్వర్ణముఖి వెంట పీఠభూమికి: నాయుడుపేట పాత దారి

నాయుడుపేట అనగానే చాలామందికి చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారే గుర్తుకొస్తుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ జి.ఎన్.టి. రోడ్డు అనే ఆ గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు, ఇంగ్లీషువాళ్లు మద్రాసును ఉత్తరాదితో కలుపుకోవడానికి స్థిరపరచుకున్న మార్గం. ఈ ప్రాంత చరిత్ర మాత్రం ఎక్కువగా తూర్పు పడమరలుగా నడిచింది. తీరం నుంచి స్వర్ణముఖి వెంట శ్రీకాళహస్తి, తిరుపతి, చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ ఎక్కి, పీలేరు మీదుగా మదనపల్లె మెరకకు చేరే దారి అది. నాయుడుపేట, మదనపల్లెల మధ్య సుమారు 190 కిలోమీటర్ల 71వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఆ జాడలోనే సాగుతుంది. మోటారు సైకిలు మీద రాయలసీమ పీఠభూమిని చూడదలచినవారికి ఇంతకంటే మంచి మార్గం ఈ తీరంలో లేదు. పెద్ద రోడ్డును వెన్నెముకగా ఉంచుకుని, దాని నుంచి చీలే చిన్న దారుల్లోకి దిగడమే ఇక్కడి ప్రయాణానికి సరైన పద్ధతి.

దారికి మూలం నది. చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుచానూరు పక్కగా పారి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ, నాయుడుపేట దాటి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో కనిపించేది ఇసుకే అయినా, చెలమ తీస్తే నీళ్లు ఊరేవి. మనుషులూ ఎడ్లూ నడిచిన కాలంలో నీళ్లు దొరికే చోటే దారి పడింది, అక్కడే గుళ్లూ సత్రాలూ వెలిశాయి. ఈ ఏటి లోయ ఎంత పాతదో గుడిమల్లం చెబుతుంది. ఏర్పేడు దగ్గర పెద్ద రోడ్డు వదిలి పొలాల మధ్య కొంత దూరం పోతే పరశురామేశ్వరాలయం వస్తుంది. లింగం మీదే నిలువెత్తు శివుణ్ణి చెక్కిన అక్కడి విగ్రహాన్ని క్రీస్తుపూర్వపు శిల్పంగా ఎక్కువమంది పండితులు లెక్కిస్తారు. తిరుపతికి పరుగులు తీసే వాహనాల్లో అటు తిరిగేవి తక్కువ. ఒక్క పక్కదారికే సమయం ఉన్నవారు దీన్నే ఎంచుకోవాలి.

ఈ దారిని బతికించిన సరుకుల్లో ముఖ్యమైనది ఉప్పు. మెరక సీమలో సముద్రపు ఉప్పు పండదు, అది లేకుండా మనిషికీ పశువుకూ గడవదు. కోరమాండల్ తీరపు ఉప్పు కొటార్ల నుంచి లంబాడీలు పెరికె ఎడ్ల మీద ఉప్పు వేసుకుని లోపలి సీమలకు పోయి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు. బండి పోలేని కనుమల్లోనూ ఆ ఎడ్లు సాగేవి. వాళ్లకు తెలిసిన డొంకలు, మేత బీళ్లు, నీటి రేవులే తర్వాతి రోడ్లలో చాలావాటికి పునాది. చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లకు దొరికిన చోటు ఈ రవాణాదారులకు దొరకలేదు. అది తీరని లోటు.

విజయనగర కాలంలో ఈ దారికి రాజకీయంగానూ బలం పెరిగింది. శ్రీకాళహస్తిలో పెద్ద గాలిగోపురాన్ని 1516లో కృష్ణదేవరాయలు కట్టించాడు. అది 2010 మే 26న కూలిపోగా, దాని స్థానంలో కొత్తది లేచింది. 1529లో అచ్యుతదేవరాయలకు కాళహస్తిలోనూ పట్టాభిషేకం జరిగింది. 1565 యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక రాజధాని పెనుకొండకు, 16వ శతాబ్ది చివర్లో చంద్రగిరికి మారడంతో, తీరానికి వచ్చిన ఐరోపా వర్తకుల చూపు ఈ లోయ మీద పడింది. వాళ్లకు కావలసింది నూలు బట్ట, ముఖ్యంగా చిరివేరు మొక్క వేళ్ల ఎరుపుతో అద్దిన బట్ట. నాయుడుపేటకు తూర్పువైపు తీరాన, నేటి వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో కోఠీ పెట్టి దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. రేవు లాభించలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి, విజయనగరపు అరవీటి రాజుల సామంతులైన దామెర్ల నాయకుల నుంచి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. చెన్నపట్నానికి ముందుమాట ఈ తీరంలోనే రాసి ఉంది. చంద్రగిరి కోటలోని రాజమహలు ముందు ఆగేవారు ఆ సంగతి తెలుసుకుని ఆగితే ఆ కట్టడం మరింత విలువైనదిగా కనిపిస్తుంది.

ప్రయాణాన్ని ముందుగా ఆలోచించుకోవడం ఎలాగో తెలుగులో నేర్పిన గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ అయిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడపల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఏ మజిలీలో మంచినీళ్లు ఉన్నాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, సత్రం ఎలా ఉంది, ఏ దారి రాతిగొట్టు అన్నది ఆయన ఊరూరికీ రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం నేటి బండి ప్రయాణికుడికీ మంచి పాఠం: దూరం కంటే మజిలీ ముఖ్యం.

1800లో పీఠభూమి వైపు దత్తమండలాలు, 1801లో తీరాన నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక తీరమూ పీఠభూమీ ఒకే పాలన కిందికి చేరాయి. రైళ్లతో పెరికె ఎడ్ల కాలం ముగిసింది. 1899లో మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తయింది. మోటారు సైకిలు వంతు తర్వాత వచ్చింది. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా, తిరువొత్తియూరు కర్మాగారంలో తయారుచేసిన బుల్లెట్ ఈ జిల్లాల రోడ్లకు బాగా అలవాటైన బండి.

ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఉంటాయి. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి తిరుపతి చుట్టుపక్కల దారులు తెగాయి. ఉదయం పడమరకు బయలుదేరితే ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో కొట్టదు. మొదటి రోజు గుడిమల్లం, చంద్రగిరి చాలు. భాకరాపేట కనుమను పగటి వెలుగులోనే ఎక్కాలి. 2022 మార్చిలో పెళ్లి బృందం బస్సు లోయలో పడింది ఈ ఘాటులోనే. కనుమ దాటాక గాలి మారుతుంది, బండరాళ్ల గుట్టలు, చెరువులు, వేరుశనగ చేలు మొదలవుతాయి. వాయల్పాడు దగ్గర ఉత్తరంగా చీలే రోడ్డు గుర్రంకొండకు పోతుంది. మైసూరు నవాబుల కాలంలో కీలకమైన ఆ కోట కింద పాత మహలు ఇంకా నిలిచి ఉంది. చివరి మజిలీ మదనపల్లె, దాదాపు 700 మీటర్ల ఎత్తు. రవీంద్రనాథ్ ఠాగూరు 1919 ఫిబ్రవరిలో అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలోనే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు.

రోడ్లు వెడల్పయ్యే చోటల్లా పాత సత్రాలకు, మైలురాళ్లకు, దారిబావులకు ముప్పు ఉంటుంది. రహదారుల శాఖ పని మొదలుపెట్టే ముందే వాటి జాబితా తయారుచేసి, తీయక తప్పనివాటిని పక్కకు జరిపి నిలబెట్టాలి. దారిన పోయేవారు కూడా ఫొటో తీసి, ఊరి పేరు రాసి, పురావస్తు శాఖకు పంపడం మంచిది.