అక్వేరియం హీటరూ విడి కంట్రోలరూ: ఒక చరిత్ర

1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ బంగారు చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకే తొట్టిలో పెంచి, అవి ఒకదాని ఆసరాతో మరొకటి బతకగలవని నిరూపించాడు. ఆ ప్రాణులన్నీ చలిని ఓర్చుకునేవే కాబట్టి నీటిని వేడి చేయవలసిన అవసరం ఆనాటి అక్వేరియానికి కలగలేదు. 1869లో పారడైజ్ చేప పారిస్ చేరిన తరువాత ఉష్ణమండల చేపల మీద మోజు క్రమంగా పెరిగింది. వాటిలో చాలా రకాలకు 24 నుంచి 27 డిగ్రీల సెంటీగ్రేడ్ వెచ్చదనం అవసరం కావడంతో, ఐరోపా చలికాలంలో వాటిని బతికించుకోవడమే పెంపకందార్లకు ప్రధాన సమస్య అయింది.

తొలినాళ్ల పరిష్కారం నిప్పే. ఇనుప చట్రంలో అద్దాలు బిగించి, పలకరాతితోనో లోహపు రేకుతోనో అడుగు వేసిన తొట్టి కింద గ్యాసు దీపమో నూనె దీపమో వెలిగించేవారు. మంట తనంతట తాను తగ్గదు, పెరగదు. థర్మామీటరు చూసి వత్తిని సరిచేసే మనిషే అప్పటి నియంత్రకం. వేడిని తనకు తానే అదుపు చేసుకునే సాధనం మాత్రం అప్పటికే ఉంది. 17వ శతాబ్దిలోనే డచ్చి ఆవిష్కర్త కార్నెలిస్ డ్రెబెల్ ఆల్కహాలు, పాదరసాల వ్యాకోచం ఆధారంగా కొలిమికి గాలి తగ్గించే ఏర్పాటు చేశాడు. 1830లో ఆండ్రూ యూర్ ద్విలోహ పట్టీతో పనిచేసే థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికిస్తే, వేడెక్కినప్పుడు ఆ పట్టీ ఒక పక్కకు వంగుతుంది. ఆ వంపుతోనే విద్యుత్తును కలపవచ్చు, తెంచవచ్చు.

విద్యుత్తు ఇళ్లకు చేరాక ఈ సూత్రమే అక్వేరియంలోకి వచ్చింది. బ్రిటన్‌లో చాలాకాలం హీటరు వేరుగా, థర్మోస్టాట్ వేరుగా అమ్మేవారు: పింగాణీ కడ్డీ మీద తీగ చుట్టి గాజుగొట్టంలో పెట్టినది హీటరు, తొట్టి అంచుకు తగిలించేది థర్మోస్టాట్. వరుస తొట్లలోని హీటర్లన్నిటినీ ఒక్క థర్మోస్టాట్‌కే కలిపితే ఖర్చు కలిసివచ్చేది కానీ, అది ఉన్న తొట్టి వేడినే మిగిలినవన్నీ అనుసరించవలసి వచ్చేది. తరువాత రెండూ ఒకే గాజుగొట్టంలో ఇమిడిపోయి, ప్రతి తొట్టికీ సొంత నియంత్రణ ఏర్పడింది.

ఈ కలయికతో ఒక ప్రమాదమూ వచ్చింది. రోజూ ఎన్నోసార్లు కలిసి విడిపోయే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు లేచి, చివరికి అవి అతుక్కుపోవచ్చు. అప్పుడు హీటరు ఇక ఆగదు. వేడి బయటికి పోకపోతే, 300 వాట్ల హీటరు 100 లీటర్ల నీటిని గంటకు సుమారు 2.6 డిగ్రీలు వేడెక్కిస్తుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి, చేపలకు తాపంతో పాటు ఊపిరాడని స్థితీ ఎదురవుతుంది.

విడి కంట్రోలరు మళ్లీ అవసరమైనది ఇందుకే. వేడికి విద్యుత్ నిరోధం తగ్గే గుణాన్ని 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు. ఆ గుణమున్న పదార్థంతో చేసే థర్మిస్టరే నేటి కంట్రోలరుకు సెన్సర్. నీటిలోని సెన్సర్ ఇచ్చే కొలతను బట్టి తొట్టి బయట ఉన్న రిలే హీటరుకు కరెంటు ఇస్తుంది, ఆపేస్తుంది. హీటరు సొంత థర్మోస్టాట్‌ను కంట్రోలరు కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువకు అమర్చితే, ఒకదాని కాంటాక్టులు అతుక్కున్నా రెండోది కరెంటు తెంచుతుంది. సెన్సర్ జారి నీటి బయట పడితే, చల్లని గదిలో కంట్రోలరు గాలి వేడినే నీటి వేడిగా లెక్కించి హీటరును నడుపుతూనే ఉంటుంది. అప్పుడు కూడా చేపలను కాపాడేది హీటరులోని థర్మోస్టాటే.

ఒకప్పుడు ఖర్చు తగ్గించడానికి విడిగా ఉంచిన నియంత్రణ, నేడు భద్రత కోసం విడిపడింది. కంట్రోలరు కొన్నవారు హీటరులోని థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పి వదిలేస్తే, రెండు రక్షణలకు బదులు మళ్లీ ఒక్కటే మిగులుతుంది.