నీటి అడుగు స్కూటరు: పుట్టుక, మరమ్మతు

నీటిపై సాగు పడవను మన మెల్లర మెరుగుదుము. నీటి అడుగున ఈదువానిని లాగికొనిపోవు చిన్న యంత్రమొకటి కలదు. దానిని నీటి అడుగు స్కూటరందురు. పేరు స్కూటరే గాని దానికి చక్రములు లేవు. మూసిన గొట్టము, లోపల బ్యాటరీయు మోటారును, వెనుక పంకా, పట్టుకొనుటకు పిడి - ఇంతియే దాని స్వరూపము. ఉన్న యంత్రమును విప్పి వేరొక పనికి మార్చుటలోనే ఇది పుట్టినది. నేడు తమ ఇండ్లలో పాత స్కూటర్లను బాగుచేయువారు ఆ తొలి పనివారికి వారసులే యని మా తలంపు.

మొదటి ప్రపంచయుద్ధము ముగియు దినములలో ఇటలీ నౌకాదళమునకు చెందిన రొసెట్టి, పావొలుచ్చి యను ఇరువురు పోలా రేవునందు ప్రవేశించిరి. వారిని మోసినది రొసెట్టి టార్పెడోను మార్చి నిర్మించిన వాహనము. ఒత్తిడిగాలితో నడచు ఆ యంత్రమునకు 'జలగ' యని పేరు. 1918 నవంబరు 1న వారమర్చిన మందుపాతరచే 'విరిబస్ యూనిటిస్' అను గొప్ప యుద్ధనౌక మునిగెను. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము ఆ నౌకను ముందునాడే దక్షిణ స్లావుల ప్రతినిధులకు అప్పగించినదని వారికి నౌకపై పట్టుబడిన పిదపనే తెలిసినది. యంత్రము గెలిచినది గాని, శత్రువులు కాని వా రెందరో ప్రాణములు కోల్పోయిరి.

తరువాత తెసెయి, తోస్కి యను ఇటలీ ఇంజనీర్లు 1935 ప్రాంతమున టార్పెడోకు విద్యుత్తు మోటారు నమర్చి, ఇరువురు కూర్చుండి నీటి అడుగున పోవునట్లు చేసిరి. మొండికెత్తు దాని స్వభావమును చూచి నావికులు దానిని 'పంది' యని పిలిచిరి. తెసెయి 1941 జూలైలో మాల్టా దాడియందు మరణించెను. అదే సంవత్సరము డిసెంబరు 19న అలెగ్జాండ్రియా రేవున మూడు యంత్రములు, ఆరుగురు మనుష్యులు కలిసి బ్రిటనువారి 'క్వీన్ ఎలిజబెత్', 'వాలియంట్' యుద్ధనౌకలను దెబ్బతీసిరి.

యుద్ధము ముగిసిన పిదప ఆయుధము వినోదమైనది. 1950 తరువాత రెబికాఫ్ ఇట్టి వాహనములను సముద్రగర్భమున ఛాయాచిత్రములు తీయుటకు మలచెను. కూస్తో 1956 నాటి చలనచిత్రమున ఈదువారు స్కూటర్లపై సాగుచుండుటను ప్రపంచము చూచినది. 1980 దశకమున అమెరికాలో టెక్నా స్కూటర్లు ఈదువారి చేతికి వచ్చినవి. ఫ్లోరిడా రాష్ట్రపు నీటిగుహలలో బహుదూరము పోవువారు వాటి శరీరములను పొడిగించి, పెద్ద బ్యాటరీల నమర్చుకొనిరి. అట్టి యంత్రము గుహాంతరమున ఆగిన, ఈదువాని వద్దనున్న గాలి తిరిగివచ్చుటకు చాలక పోవచ్చును. కావున ఇంటిలో బిగించు ప్రతి మరయు ప్రాణముతో ముడిపడినదే.

మద్దూరువంటి మెట్ట ప్రాంతమువారికి ఈ ముచ్చట యేల యని అడుగవచ్చును. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన ఆ మండలము సముద్రమునకు దూరము. అయినను నీట మునిగి తిరుగు మోటారు అచటి రైతునకు కొత్త కాదు. బోరుబావిలో వందల అడుగుల లోతున తిరుగునది అదియే. అది కాలిన యెడల గొట్టములతో పైకి తీసి, వైండింగు దుకాణమునకు మోసికొనిపోవుదురు. ఆలస్యమైనచో పైరు ఎండును. ఇందొక వింత గలదు. బోరు మోటార్లలో పెక్కింటియందు నీటిని రానీయకుండ ఆపుట లేదు. లోపల నీరే నింపుదురు. తీగపై ప్లాస్టిక్ పూత యుండుటచే తీగచుట్టు తడిసియు చెడదు. లోపల బయట ఒత్తిడి సమానమగును. స్కూటరులో బ్యాటరీ యుండుటచే ఈ ఉపాయము చెల్లదు. అచట నీటిని బయటనే నిలుపవలెను. ప్రతి పది మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగును.

అందుచే పాత స్కూటరును బాగుచేయువాడు మొదట రబ్బరు వలయములను, మోటారు ఇరుసు బయటికి వచ్చు చోటనున్న సీలును మార్చును. కదలని కీలును మూయుట సులువు. తిరుగు ఇరుసు చుట్టు మూయుట కష్టము. సీసపు బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించునపుడు హైడ్రోజన్ వాయువు పుట్టును. మూత తెరచి యుంచనిచో ఆ వాయువు లోపల నిలిచి, ఒక్క నిప్పురవ్వతో ప్రేలును. సీసము బదులు తేలికయగు లిథియం బ్యాటరీ వేసిన యెడల గొట్టము పరిమాణము మారదు, బరువు మాత్రము తగ్గును. యంత్రము పైకి తేలును. మరల సీసపు తునకలు చేర్చి, మునుగక తేలక నిలుచునట్లు తొట్టిలో సరిచూడవలెను. స్విచ్చు ఇరుకుకొని మోటారు ఆగనిచో, ఈదువానిని వేగముగ పైకి లాగికొనిపోవచ్చును. అపుడు ఊపిరి బిగబట్టినవాని ఊపిరితిత్తులు చిట్లు ప్రమాదమున్నది.

ఇన్ని జాగ్రత్తలు చూచి ఇది ఇంటిలో చేయదగిన పని కాదనుకొనరాదు. తయారీ ఆగిన యంత్రమునకు ఇంటిలోని ఓపికయే కర్మాగారము. మూసిన గొట్టములోని గాలిని చేతిపంపుతో తీసి, ముల్లు కదలక రాత్రి యంతయు నిలుచునా యని చూచి, ఆ పిదపనే నీటిలో దింపువాడు నిజమైన పనివాడు. బోరు మోటారును దింపుటకు ముందు ఒకసారి తొట్టినీటిలో తిప్పి చూచు మన మెకానిక్కునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.