ఆయుధం - హక్కా? బాధ్యతా?

మన సభ్యుల్లో చాలామంది పిల్లలు ఇవాళ అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడ ఏ బడిలోనో, బజారులోనో కాల్పులు జరిగాయని టీవీలో రాగానే ఇక్కడ తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది. తర్వాత ఒక ప్రశ్న వస్తుంది. "అక్కడ తుపాకి పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అంటారే, మరి మన రాజ్యాంగంలో అది ఎందుకు లేదు?" అని. మనవాళ్ళు మరిచిపోయి వదిలేసింది కాదు. కావాలని అడిగినవారు ఉన్నారు, సభలో చర్చ జరిగింది, ఆలోచించే వద్దనుకున్నారు. ఆయుధం పట్టి అన్నం తిన్న మనకు ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ముందు అమెరికా సంగతి. ఇంగ్లండులో 1689 నాటి హక్కుల చట్టం ప్రొటెస్టెంటు ప్రజలు ఆత్మరక్షణకు ఆయుధాలు ఉంచుకోవచ్చని చెప్పింది. ఆ ఆలోచనే సముద్రం దాటి అమెరికాకు చేరింది. బ్రిటిష్ రాజు సైన్యంతో పోరాడి స్వతంత్రులైనవారు కాబట్టి వాళ్ళకు పెద్ద సైన్యం అంటేనే అనుమానం. ఊరి జనమే ప్రజాసేనగా నిలబడాలని కోరుకున్నారు. 1791లో వచ్చిన రెండవ సవరణలో ప్రజాసేన మాటా ఉంది, ప్రజల ఆయుధ హక్కు మాటా ఉంది. ఆ హక్కు ప్రజాసేనకా, ఒక్కొక్క మనిషికా అని రెండు వందల ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. 2008లో వాళ్ళ సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది వ్యక్తి హక్కే అని తేల్చింది. 2022లో ఆ హక్కు ఇంటి బయటకు కూడా వర్తిస్తుందంది. 2024లో మాత్రం, కుటుంబ హింస కేసులో కోర్టు ప్రమాదకారి అని తేల్చినవాడి దగ్గర తుపాకి ఉండకుండా చేయవచ్చని చెప్పింది. వాదన ఇంకా అయిపోలేదు.

మన దేశంలో కథ వేరు. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాడికి భయం పట్టుకుంది, జనం దగ్గర ఆయుధాలు ఉండకూడదనుకున్నాడు. వైస్రాయి లిట్టన్ కాలంలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవారికి మినహాయింపు! కొడగు ప్రాంతం వారికి మాత్రం 1861 నుంచే ప్రత్యేక మినహాయింపు ఉంది. కరియప్ప, తిమ్మయ్య వంటి సేనానులను ఇచ్చిన ఆ గడ్డకు ఇది నేటికీ కొనసాగుతోంది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్ళు పొడిగించింది.

మన మన్యంలో 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీదకు ఎందుకు వెళ్ళాడు? తుపాకులు అక్కడే ఉన్నాయి కాబట్టి. తీసుకున్నవాటి వివరం స్టేషను డైరీలో రాసి సంతకం కూడా పెట్టాడని చెప్పుకుంటారు.

అహింసామూర్తి గాంధీజీ సైతం ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు. 1930లో వైస్రాయి ఇర్విన్ ముందు పెట్టిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు కూడా ఒకటి. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉంది.

అందుకే 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ లేచి, ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చాలని సవరణ పెట్టారు. ఈయన ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలి సుభాష్ చంద్రబోస్ ఫార్వర్డ్ బ్లాకులో చేరిన మనిషి. చట్టం పరిమితులు పెట్టవచ్చని కూడా ఆయనే చెప్పారు.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోండి. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. జనవరి 30న గాంధీజీ పిస్తోలు గుండుకు బలయ్యారు. కాశ్మీరులో మన జవాన్లు ఇంకా పోరాడుతున్నారు. హైదరాబాదులో పోలీసు చర్య జరిగి మూడు నెలలు కూడా కాలేదు. రజాకార్లు మీద పడితే వడిసెలతో, రాళ్ళతో ఎదిరించిన తెలంగాణ పల్లె మనిషిని అడిగితే కామత్ మాటే నిజమనేవాడు. ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు.

డాక్టర్ అంబేద్కర్ ఇచ్చిన జవాబు చూడండి. కాంగ్రెసు తీర్మానాలు నిజమే, కాని అప్పుడు ఉన్నది పరాయి ప్రభుత్వం, ఇప్పుడు ఆ పరిస్థితి మారిందన్నారు. ఎవడు పడితే వాడు బజారుకు వెళ్ళి ఆయుధం కొనుక్కుంటే పరిపాలన ఎలా సాగుతుందని అడిగారు. ప్రాథమిక హక్కు అయితే నేరాలు అలవాటైనవాడు కూడా దాన్నే అడుగుతాడన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి చెప్పారు. మనం పట్టుబట్టవలసింది ఆయుధం పట్టే హక్కు గురించి కాదు, దేశానికి ఆపద వచ్చినప్పుడు ఆయుధం పట్టే బాధ్యత గురించి అని. ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ కోరే అధికారం నేడు 23వ అధికరణంలో ఉంది. కామత్ సవరణ ఓడిపోయింది.

చివరికి 19వ అధికరణంలో మిగిలింది ఏమిటంటే, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావడానికి హక్కు. సిక్కు సోదరుల కిర్పాణం ఒక్కటే 25వ అధికరణంలో మతస్వేచ్ఛ కింద వచ్చింది. మిగతాదంతా 1959 ఆయుధాల చట్టం, లైసెన్సు. 2023లో సుప్రీంకోర్టు కూడా, అమెరికాలోలాగా మన దగ్గర ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తు చేసింది.

నా మట్టుకు నేను అంబేద్కర్ గారి పక్షమే. రంగ్‌రూట్‌గా చేరిన నాటి నుంచి మనం నంబరు చూసి సంతకం పెట్టి కోత్ నుంచి రైఫిలు తీసుకున్నాం. శుభ్రం చేసి, లెక్క చూపి తిరిగి అప్పగించాం. ఒక్క రౌండు తక్కువైతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండేది కాదు. అన్నేళ్ళు భుజాన మోసినా అది "నాది" అని ఎవరం అనుకోలేదు. కాని పౌరుడి చేతిలో ఆయుధం లేదంటే అతని ప్రాణానికి పూచీ ప్రభుత్వానిది. పోలీసు సకాలంలో రాకపోతే, బీదవాడి ఫిర్యాదు రాసుకోకపోతే, కామత్ ప్రశ్న మళ్ళీ లేస్తుంది. అది లేవకుండా చూడడం పాలకుల పని.

మనలో చాలామంది రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని బ్యాంకుల్లో గార్డు డ్యూటీ చేస్తున్నారు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సంబరానికి నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు ఆయుధం స్టేషనులో అప్పగించమంటే చిన్నతనంగా భావించకండి. కోత్‌లో అప్పగించినట్టే అప్పగించి రసీదు తీసుకోండి. ఊళ్ళో కుర్రవాళ్ళు మనల్ని చూసే నేర్చుకుంటారు.

జై హింద్.